కుమారస్వామి చెవి

కొత్తగూడెం దగ్గరి ఆ బొగ్గుబాయిలో కుమారస్వామి చెవికి ఉన్న పరపతి మేనేజరు సంతకానికి కూడా లేదు. తూటాలు పేల్చి బొగ్గు రాల్చాక, ఆయన ముందుగా వెళ్లి ఇనుప సలాకతో పైకప్పును కొట్టి వినేవాడు. ఖంగుమంటే కప్పు గట్టిది, మనుషులు పోవచ్చు. గుల్లగా పలికితే బండ ఊడుతుంది, వెనక్కి రావాలి. ఇరవై ఆరేళ్లు ఆయన "పదున్రి" అన్నాకే గ్యాంగు కదిలింది. ఒక్కడికీ గోరు ఊడలేదు.

నిరుడు ఎండాకాలంలో ప్రతి కప్పూ గుల్లగానే పలకసాగింది. "వద్దు, పోకున్రి" అని మూడు రోజులు వరసగా పని ఆపించాడు. పని చూసే ఓవర్‌మన్ విసుక్కుని సలాకను కుమారస్వామి తర్వాతి సీనియర్ బలరాం చేతికిచ్చాడు.

"ఖంగుమంటున్నది గదనే అన్నా! నీకేమైంది?" అన్నాడు బలరాం, కొట్టి చూసి.

కుమారస్వామికి కోపం నషాళానికంటింది. లోకంలోని కప్పులన్నీ చెడిపోయాయనుకున్నాడే గానీ, చెడింది తన చెవి అని ఆ మహానుభావుడికి తోచనేలేదు. భార్య రామక్క మాత్రం ఏడాదిగా మొత్తుకుంటూనే ఉంది: "నీతోని మాట్లాడితే చెవిటోని ముందట శంఖమూదినట్టే ఉన్నది."

చివరికి ఓవర్‌మన్ పంపిన దవాఖానాలో డాక్టర్ హర్షిత పరీక్ష చేసి, గట్టిగా చెప్పింది.

"ఇన్నేండ్ల డ్రిల్లు మోతకు చెవి లోపల ఫ్రీ రాడికల్స్ అని విషం లాంటివి పుట్టినయ్. అవి అక్కడి సన్నటి రక్తనాళాలను ముడుచుకపోయేటట్టు చేస్తయ్. రక్తం సరిగ్గ పారక, శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతయ్. ఖంగుమనే సన్నటి శబ్దాన్ని పట్టేవే ముందుగాల పోతయ్. అందుకే మీకు అన్నీ గుల్లగ వినబడుతున్నయ్."

"రక్తం పారేటట్టు ఓ గోలీ ఇయ్యున్రి మేడం."

"చచ్చినయి మళ్ల మొలవయ్. మిగిలినయన్న కాపాడుకోండి."

మర్నాటి నుంచి చెవుల్లో దూది పెట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

దిగే పని తప్పించి బాయి పైన పని ఇచ్చే కాగితం ఇంకా రాలేదు. అందాకా గ్యాంగులో ఒకడిగా బాయి దిగాల్సిందే. దిగాడు. బలరాం సలాక ఎత్తి కొట్టాడు. కుమారస్వామికి గుల్లగా వినబడింది. బలరాం చెయ్యి ఊపాడు. అందరూ ఆ కప్పు కిందికి నడిచారు.

"గుల్లున్నది బలరాం!" అని అరిచాడు, ఆపుకోలేక.

జవాబిచ్చారో లేదో తెలియలేదు. ఒక్కరూ ఆగలేదు. రేపు నిజంగా గుల్లగా పలికినా తనకు వినబడేది ఇదే, వాళ్లు తన మాట వినకపోయేదీ ఇలాగే. తన చెవి అబద్ధమాడుతోందని తనకు తానే చెప్పుకుంటూ, తల వంచుకుని వాళ్ల వెనకాల నడిచాడు.