నాయన కోసం అమ్మ ఎంచిన టార్చిలైటు

నాయుడుపేట దగ్గరి ఒక ఫ్యాక్టరీలో నేను స్టోర్సు చూసుకుంటాను. మొన్న ఒక సేల్సు అబ్బాయి వచ్చి నా బల్ల మీద టార్చిలైట్లు వరసగా పేర్చాడు. పైపుల సందుల్లో, యంత్రాల కింద, నూనె జిడ్డులో రోజంతా పనిచేసే మా వాళ్లకు తొందరగా పాడుకానివి కావాలని నేనే పిలిపించాను. అతను ఒక్కొక్కటే అట్టపెట్టెలోంచి తీసి దాని గొప్ప చెబుతుంటే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసన నన్ను తిన్నగా బంగారుపాళ్యానికి, ఒంటిపూట బడుల నాటి ఎండాకాలానికి తీసుకుపోయింది.

మా నాయన బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఫిట్టరు. అమ్మ కాయల కాలంలో అదే ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోయేది. మా ఇల్లు హైవేకి ఇవతల, ఫ్యాక్టరీ అవతల. తోతాపురి కాయలు దిగే రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. కడిగిన కాయల తీపి వాసన, ఉడికే గుజ్జు ఆవిరి, ఎండకు పులిసిన తొక్కల ఘాటు, వాటి మీద ముసిరే ఈగల రొద, అన్నీ కలిసి గాలితోపాటు ఇంట్లోకి వచ్చి మేం తినే సంకటిలో కూడా కలిసినట్టుండేది. ఫ్యాక్టరీ వెనకాల గుట్టలుగా పోసిన టెంకలు ఎండి తెల్లబడితే మేం పిల్లలం వాటిని గోపురంలా పేర్చి, దూరం నుంచి రాయి విసిరి పడగొట్టేవాళ్లం. గెలిచినవాళ్లకు ఉప్పుకారం అద్దిన కాయముక్క బహుమానం. ఓడినవాళ్లూ అదే తినేవాళ్లు.

కాయలు రాకముందే, ఉగాదికి అటూ ఇటూగా, బాయిలర్లు చల్లార్చి శుభ్రం చేసేవాళ్లు. పక్కనుండే గుండ్రటి రంధ్రంలోంచి మనిషి లోపలికి దూరి, గొట్టాల మధ్య పడుకుని, నీళ్లు కాగి కాగి పేరుకున్న సున్నపు పెచ్చును ఉలితో చెక్కాలి. అది నాయన పని. ఆయన దగ్గర పొడుగాటి స్టీలు టార్చి ఒకటి ఉండేది. దాన్ని ఆదివారం ఆదివారం బూడిదతో తోమి తళతళలాడించి, పండక్కి కట్టుకునే పంచెలాగా భద్రంగా పెట్టుకునేవాడు.

ఆ సంవత్సరం ఉగాదికి ముందురోజు నాయన బాయిలర్లో ఉండగా ఆ టార్చి జారి గొట్టాల మీద పడింది. అద్దం పగిలి దీపం ఆరిపోయింది. బయట కాపలా ఉండాల్సిన మునస్వామి మామ బీడీ కోసం గేటు దాకా పోయి ఉన్నాడు. చీకట్లో నాయన రంధ్రం వైపనుకుని లోపలివైపు జరిగాడు. భుజం రెండు గొట్టాల నడుమ ఇరుక్కుంది. అరిచిన అరుపు ఆ ఇనుములోనే తిరిగి తిరిగి ఆయన చెవుల్లోనే పడింది. మామ తిరిగివచ్చి, లోపల ఉలితో కొడుతున్న చప్పుడు తేడాగా ఉందని గమనించి, మనుషుల్ని పిలిచి బయటికి లాగేసరికి నాయన చొక్కా చిరిగి, భుజం తోలు లేచిపోయింది.

ఇదంతా ఆయన మాకు చెప్పలేదు. మరునాడు పండగ. అమ్మ వేడి వేడి ఓలిగల మీద నెయ్యి పోసి ముందు పెడితే, ఓలిగలంటే ప్రాణమిచ్చే మనిషి, నెయ్యి పేరుకునేదాకా చూస్తూ కూచున్నాడు. ఆ సాయంత్రం మంచం వాకిట్లోకి లాగుకున్నాడు. ఇంట్లోకి రమ్మంటే ఉక్క అన్నాడు.

"బాయిలర్లో ఏమైనాది?" అని అడిగింది అమ్మ.

"ఏం కాలే మే."

"మునసామన్న అంతా సెప్పినాడులే."

నాయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. చివరికి, "ఆ బొక్కలో తల పెట్టాలంటే ఊపిరాడ్డం లేదు మే. కాయలు దిగేలోపల పని కాకపోతే ఇంకోణ్ణి పెట్టుకుంటారు" అన్నాడు. మా నాయన గొంతు అంత సన్నగా ఉండడం నేను అప్పుడే విన్నాను. గడప మీద గచ్చకాయలు ఆడుతున్నదాన్ని, చేతిలో కాయలు చేతిలోనే పట్టుకుని ఉండిపోయాను.

అమ్మ ఓదార్చలేదు. టార్చి గురించి అడిగింది. లోపల దాన్ని ఏ చేత్తో పట్టుకుంటావు, ఉలి ఏ చేత్తో, కింద పెడితే దొర్లిపోతుందా, చెమట చేతులకు స్విచ్చి అందుతుందా అని ఒకటొకటే అడుగుతూ పోయింది. మొదట విసుక్కున్నా, చెప్పేకొద్దీ నాయన లేచి కూర్చున్నాడు. నోట్లో కరుచుకుని పనిచేసేవాడట. పళ్లు నొప్పి పుడితే గొట్టం మీద పెట్టేవాడట.

ఆదివారం ముగ్గురం బస్సెక్కి చిత్తూరు బజారుకు పోయాం. అమ్మ జడకు నూనె దట్టంగా పెట్టుకుంది. తాళాలు, బోల్టులు, బకెట్లు వేలాడే చిన్న అంగడి అది, గుమ్మంలోనే ఇనుము, రబ్బరు కలిసిన వాసన. నాయన కళ్లు నేరుగా తళతళలాడే స్టీలు టార్చి మీదికే పోయాయి.

"ఇది తీసుకోప్పా. ఈడ నించి కొడితే కట్టమంచి చెరువు దాకా పడతాది" అన్నాడు అంగడి శెట్టి.

"మా ఆయప్ప చెరువులో సేపల్ని సూడాల్నా శెట్టన్నా? ముక్కు ముందర బోల్టు కనపడితే సాలు" అంది అమ్మ.

తన నూనె జడను రెండు చేతులతో నిమిరి, ఆ జిడ్డు వేళ్లతోనే స్టీలు టార్చి స్విచ్చి నొక్కబోయింది. వేలు జారింది. పక్కన పెట్టేసింది. ఇంకొకటి బల్ల మీద పెడితే దొర్లింది, అదీ పక్కకు పోయింది. నాయన సిగ్గుపడి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. శెట్టి విసుగ్గా అటక మీదినుంచి దుమ్ము పట్టిన పెట్టె దించాడు. అందులో ఆకుపచ్చగా, మెడ పక్కకు వంచిన టార్చి ఉంది, ఒంటికి మందపాటి రబ్బరు, వీపున కొక్కెం.

"మిలిటరీ రకం. సూసేకి బాగలేదని ఎవురూ తీసుకోలేదమ్మా."

"పడేసి సూస్తా. పగిల్తే దీన్నే కొంటా."

శెట్టి "ఓయమ్మా" అనేలోపలే, అమ్మ జిడ్డు వేలితో వెలిగించి వదిలిన ఆ టార్చి రాతి మెట్టు మీద పడి, ఎగిరి, బకెట్ల నడుమ ఆగింది. వెలుగుతూనే ఉంది. అమ్మ అంతటితో ఆగక అంగట్లోని నీళ్ల తొట్టిలో ముంచింది. నీళ్ల అడుగున పచ్చటి వెలుగు పరుచుకుంటే నేను చప్పట్లు కొట్టాను. దాన్ని పైటకొంగుతో తుడిచి నాయన చొక్కాజేబుకు తగిలించింది. వెలుగు ఆయన ముందర, చేతులు పెట్టే చోట పడింది. నాయన రెండు చేతులూ పైకెత్తి, ఎవరి చేతులో చూసినట్టు చూసుకున్నాడు.

"రెండు సేతులూ కాళీగా ఉండాయే!" అన్నాడు.

మరునాడు బడి వదిలాక నేనూ అమ్మా సంకటి, ఊరిబిండి పచ్చడి తీసుకుని ఫ్యాక్టరీకి పోయాం. నాయన బాయిలరు రంధ్రం దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని కూచున్నాడు. ఎంతసేపటి నుంచి అట్లా ఉన్నాడో మునస్వామి మామ ముఖం చూస్తే తెలుస్తోంది. అమ్మ క్యారియరు కింద పెట్టింది.

"లోపలికి పోయి మాట్లాడతా ఉండు. నేను ఈడే ఉంటా."

"ఏం మాట్లాడేది?"

"నీ ఇష్టం. తిట్టు."

నాయన అమ్మను చూశాడు, మామను చూశాడు, టార్చి వేసుకుని లోపలికి దూరాడు. అమ్మ చేయి నా భుజాన్ని నొక్కింది. అప్పుడు లోపలినుంచి గుండిగలోంచి వచ్చినట్టు గొంతు మోగింది. నాయన మునస్వామి మామ బీడీలనూ, ఆ బీడీలు చుట్టినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ వరసపెట్టి తిట్టాడు. మామ మొదట తల దించుకున్నా, తిట్లు తన మేనమామల దాకా పోయేసరికి ఆగలేక నవ్వాడు. అందరం నవ్వాం. రంధ్రంలో వెలుగు అటూ ఇటూ కదిలింది, తర్వాత ఒకచోట నిలిచింది. ఉలి దెబ్బలు టకటకా మొదలయ్యాయి.

బయటికి వచ్చేసరికి నాయన తల నుంచి కాలి దాకా సున్నపు పొడితో తెల్లగా ఉన్నాడు. చేతులు కడుక్కుని, సంకటి ముద్ద ఒక్కటీ మిగల్చకుండా తిని, "ఇంకా ఉండాదా మే?" అని అడిగాడు.

కాయలు దిగేలోగా పని అయింది. ఆ టార్చి చాలా ఏళ్లు ఆయన జేబును వదల్లేదు. సాయంత్రాలు కరెంటు పోయినప్పుడు దాన్ని వాకిట్లో నిలబెట్టేవాడు. గోడ మీద మా వేళ్లు జింకలయ్యేవి, కోళ్లయ్యేవి. అరచేత్తో వెలుగును మూస్తే వేళ్ల సందుల్లో ఎర్రటి నెత్తురు రంగు కనపడేది.

ఆ సేల్సు అబ్బాయి తెచ్చినవాటిలో మెడ వంగేదాన్నే ఎంచాను. పోయిన ఆదివారం ఊరికి పోతే నాయన పెరట్లో మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. మేం ఆడుకున్న టెంకల గుట్టలు లేవు, ఆ చోట ఇప్పుడు గోదాములు. చిత్తూరులో శెట్టి అంగడి పోయి సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. ఫ్యాక్టరీలో కాయలు కోసేది కూడా యంత్రాలేనట. ఆడవాళ్లంతా వరసగా కూచుని కాయలు కోస్తూ చెప్పుకునే కబుర్లు పోయాయే అని నేను బాధపడితే, అమ్మ నాకోసం మామిడిపండు కోస్తూ నవ్వింది.

"పోనీలే మే. ఆ సొనకు సేతులు ఎట్ల కాలేవో నీకేం తెలుసు? గీరుకుంటాదని నిన్ను ఎత్తుకునేకి కూడా బయపడేదాన్ని" అంది. ముక్క తెచ్చి నా నోటికి అందించింది. ఆ వేళ్లు నా పెదవులకు మెత్తగా తగిలాయి.