రత్నమ్మ మీద వేసిన నింద

ఇన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని గొంతులో పెట్టుకుని అన్నం మింగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది మాలూరు వైపు, లక్కూరు దగ్గర పల్లె. మామిడి రైతును. ఒకప్పుడు మా కాయల ధరను మండీలో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని తేల్చుకునేవాళ్ళు. మాకు చివర్లో చెప్పేవాళ్ళు. అది చూడలేక మా పక్క తోట రత్నమ్మ ఇంటింటికీ తిరిగి రైతుల సంఘం పెట్టించింది. ఆమె భర్త ఊరిగాం బంగారు గనిలో పనిచేసి, గని మూతపడ్డాక ఊరికొచ్చి ఆ తోట వేసి, దగ్గుతో పోయాడు. చిక్కమగళూరు కాఫీ రైతుల సంఘాలకు న్యాయమైన ధర ఇచ్చే కొనుగోలుదారులే మా కాయలూ తీసుకున్నారు. మా పిల్లలు బడి మానకుండా నిలిచింది ఆ ధరతోనే. షరతు ఒక్కటే. నిషేధించిన పురుగుమందు ఎవరూ వాడకూడదు.

ఒక ఏడు పూతకు తేనెమంచు పురుగు పట్టింది. పూత నల్లబడి రాలుతుంటే చూడలేక, ఎవరూ లేని మధ్యాహ్నం నేనే ఆ మందు కొట్టాను. భయమా? ఆశా? ఇప్పటికీ తేల్చుకోలేను. పరీక్షలో ఒక లారీ కాయల్లో మందు బయటపడింది. అందులో ఉన్నవి మా రెండు తోటల కాయలే. సంఘం సభలో అందరూ మా ఇద్దరి వైపే చూశారు. నేను ముందుగా నోరు తెరిచాను. రత్నమ్మే కొట్టిందన్నాను.

ఆమె లేచి నా ఎదుటికి వచ్చింది.

"నా మొగం చూసి చెప్పప్పా. నేను మందు కొట్టింది నువ్వు చూసినావా?"

"చూసినానమ్మా."

"యాడ నిలబడి చూసినావు?"

"మన గట్టు మీద."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఇంకొక్క మాట అడిగి ఉంటే నేను తడబడేవాడినేమో, నిజం బయటపడేదేమో, ఎందుకు అడగలేదు ఆమె? చూశారా, ఇప్పటికీ తప్పు ఆమె మీదికే నెడుతున్నాను!

ఆమెను సంఘం నుంచి తీసేశారు. ఒక్కరంటే ఒక్కరు ఆమె తరఫున మాట్లాడలేదు. ఆమె కాయలు మళ్ళీ దళారుల పాలయ్యాయి. చివరికి తోట అమ్మేసింది. చెట్లు కొట్టేసి ప్లాట్లు వేశారు. ఇప్పుడు మాలూరులో ఏదో ఫ్యాక్టరీలో నేల ఊడుస్తోందట. నా కూతురు మాత్రం సంఘం ఇచ్చిన ధరతోనే నర్సు చదివింది. సంఘం కట్టినామె బయట. నేను లోపల. పైగా పెద్దమనిషిని!

మొన్న సంఘం కార్యదర్శికి అంతా చెప్పేశాను. అతను లేచి తలుపు మూశాడు.

"ఇంగ ఇప్పుడెందుకప్పా ఇది? బయటికి తెలిస్తే అందరి కాయలూ నిలిపేస్తారు. ఊరకుండు."

ఒళ్ళు మండిపోయింది. అతని చొక్కా పట్టుకుందామని చెయ్యి లేచింది. కానీ అతను అన్నది, ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాటే. అందరి కోసం ఊరుకున్నానట. ఎవరి కోసం? నా కోసమే.

రేపు మాలూరు వెళ్ళి ఆమెకే చెబుతాను. తలుపు వేసుకున్నా, చెప్పు తీసినా, అది ఆమె ఇష్టం. మీకు ఇంత చెప్పాక గుండె కాస్త తేలికపడింది.

సిగ్గులేని గుండె.