నడక నిమిషంలో దొరికిపోయాను

పరుగు బాగా నేర్చుకున్నందుకే పోలీసులకు దొరికినవాణ్ని మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. కోరుట్లలో గది తీసుకుని డిప్లొమా చదువుతున్నాను. ఆదివారం జగిత్యాలలో ఐదు వేల మీటర్ల ఎంపిక పోటీ. మొదటి ముగ్గురికే జిల్లా జట్టులో చోటు. అందుకోసం గోడకు టైంటేబుల్ అంటించి, రెండు నెలలుగా అందులో ఒక్క గడీ తప్పలేదు. ఐదింటికి లేవడం, నానబెట్టిన శనగలు. శనివారం మాత్రం కాళ్లు అలిసిపోకుండా రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక.

"గా కాయితం చెప్తెనే ఊపిరి తీసుకుంటవారా?" అనేవాడు నా గదిలోనే ఉండే సిరిసిల్ల రాజు.

ఆ శనివారం ఇద్దరం రాస్తారోకోకు వెళ్లాం. పోలీసు వ్యాన్ ఆగగానే జనం చెల్లాచెదురయ్యారు.

"ఉరుకురా" అన్నాడు రాజు.

వాచీ నొక్కి మరీ ఉరికాను. పగ్గం తెంపుకున్న కోడెలాగా అందరికంటే ముందున్నాను. సరిగ్గా రెండు నిమిషాలకు వాచీ కూసింది. నడవడం మొదలుపెట్టాను.

"ఏమైందిరా?"

"నడక నిమిషం. రేపు పోటీ ఉన్నది."

"నీ నడక పాడుగాను, ఎనక లాఠీ అస్తున్నది" అంటూ, జన్మలో ప్రాక్టీసు చెయ్యని రాజు సందులో మాయమయ్యాడు.

నిదానమే ప్రధానం అంటారు గానీ, అది వెనకాల లాఠీ లేనివాళ్ల మాట. గుమ్మడికాయంత పొట్టతో ఒక హెడ్ కానిస్టేబుల్ రొప్పుతూ వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"ఎందుకు ఉరుకుతలేవురా?"

"ఇంకా ఇరవై సెకన్లు నడవాలె సార్."

స్టేషన్లో నన్ను అందరికీ చూపించాడు. "ఇరవై ఏండ్ల నౌకరీల నేను ఉరికి పట్టినోడు వీడొక్కడే."

"రేపు పోటీకి పోవాలె సార్, ఇడిచిపెట్టండి."

"ఏం పోటీ?"

"పరుగు పందెం."

నవ్వి నవ్వి అలిసిపోయి సాయంత్రానికి వదిలేశారు.

ఆదివారం చివరి రౌండులో నాలుగో స్థానంలో ఉన్నాను, వాచీ చూసుకుంటూ. మలుపు దగ్గర బందోబస్తుకు వచ్చిన అదే హెడ్ కానిస్టేబుల్.

"ఇయ్యాల గూడ నడుస్తవా? మల్ల నన్ను ఉరుకుమంటవా?"

వాచీ సంగతి కాళ్లు మరిచిపోయాయి. మూడో స్థానం వచ్చింది.

తిరిగొచ్చి, టైంటేబుల్ ముందు చెయ్యి చాపి ఒట్టు వేసుకున్నాను: ఐదింటికి లేస్తాను, శనగలు మానను, ఒక్క గడీ తప్పను. కానీ ఖాకీ కనిపించిన చోట నడక గడి చెల్లదు.

"గా మాట గూడ రాసిపెట్టుకో, మరిచిపోతవ్" అన్నాడు రాజు.

రాశాను. ఎర్ర పెన్నుతో, గడి గీసి.