కమాల్ గోడ చార్టు

అమీర్‌పేటలో మెట్ల కింద ఉన్న కమాల్ డీటీపీ షాపులో రెజ్యూమె దిద్దించుకోనివాళ్లు తక్కువ. తప్పు కనబడగానే అతని చెయ్యి మౌస్ వదిలి గడ్డం నిమురుతుంది. అడ్వైస్, అడ్వైజ్ లాంటి జంట మాటల్లో ఒకదాని బదులు ఇంకొకటి ఎవరు రాసినా, ఆ జంటనూ వాళ్ల పేరునూ గోడ మీది చార్టులో ఎక్కిస్తాడు. తమ వంతు వచ్చేదాకా అందరూ దాన్నే చదువుతారు.

సిరిసిల్ల నుంచి జావా నేర్చుకోవడానికి వచ్చిన నిరోష అందులో తన పేరు చూసి చిన్నబోయింది. “జర కొట్టెయ్యి భాయ్. మస్తు మంది చూస్తుండ్రు.”

“చూసినోళ్లు గా తప్పు చెయ్యరు. ఫికర్ చెయ్యకు, జర పైన చూడు,” అన్నాడు కమాల్, తలెత్తకుండానే.

మొదటి వరుసలో కమాల్ పేరే ఉంది. పక్కన, ఆ తప్పుతో పంజగుట్టలో తనకు రాకుండాపోయిన ఉద్యోగం కూడా రాసి ఉంది.

నిరోష పెన్ను అడిగి తీసుకుని, తన పేరుకు ముందు ఇంటిపేరు కూడా చేర్చింది.