కొవ్వు పట్టిన లివర్‌కు కలేజీ వేపుడు

మా ఆయనకు కరోనా వచ్చి వారమైంది. ఆయనలా లివర్‌కు కొవ్వు పట్టినవాళ్లను ఈ జబ్బు ఎక్కువ బాధపెట్టొచ్చని, నూనె వేపుళ్లు దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ సంగతి బుద్ధి తక్కువై మా గౌలిపుర గల్లీలో చెప్పుకున్నాను.

ఈ మధ్యాహ్నం పక్కింటి నసీమా ఆపా మా గుమ్మం ముందు డబ్బా పెట్టి దూరంగా నిలబడింది. మూత తీస్తే నూనెలో తేలుతున్న మేక కలేజీ!

"ఏంది ఆపా, లివర్ బాగలేదంటే లివరే వండుకొచ్చినవ్?"

"అరే చెల్లె, కాళ్లు నొస్తే మేక కాళ్ల పాయా తాగుతలేమా? లివర్ కమ్జోర్ అయితే కలేజీ తినాలె. మా ఇంటాయనకు లివర్‌ల కొవ్వున్నదని తెలిసినప్పటి సంది గిదే పెడుతున్న."

"మరి తగ్గిందా?"

"యాడ తగ్గింది? ఇంకా పెరిగిందన్నడు డాక్టర్. గందుకే ఇప్పుడు ఇంకింత ఎక్కువ పెడుతున్న."

డబ్బా లోపలికి తెచ్చాను. వారం నుంచి ఏ వాసనా తెలియట్లేదని మూలుగుతున్న మా ఆయన గదిలోంచి కేకేశాడు. "కలేజీ వాసనేనా? జర నిమ్మకాయ పిండుకొని తే!"

ఈ ఇద్దరిలో ముందు ఎవరితో లొల్లి పెట్టుకోవాలో మీరే చెప్పండి.