రాచకొండ మీద బాపు కొలతల ఇంగ్లీషు

తెలంగాణ వచ్చిన కొత్తలో, డిగ్రీ పాసై నేను ఇంట్లో కూర్చున్న రోజులవి. ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని కాదు. పరీక్షల్లో మార్కులు బాగానే వచ్చేవి మరి. ఎదురుగా మనిషి నిలబడితేనే చిక్కు. లోపల వాక్యం కూర్చుకుని, తప్పులు దిద్దుకుని, నోరు తెరిచేసరికి ఆ మనిషి వెళ్లిపోయేవాడు. హైదరాబాదులో రెండు ఇంటర్వ్యూలు అలాగే పోయాయి. మూడోది సోమవారం, ఒక పెద్ద హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగానికి. అదీ పోతే ఇక మా ఊరు కట్టంగూర్‌లో మా బాపు (నాన్న) నడిపే టైలర్ దుకాణంలో కాజాలు కుట్టుకుంటూ ఉండిపోవాల్సిందేనని నాకు ఒకటే దిగులు.

దీనికి మా బావ (అక్క భర్త, పట్నంలో కంపెనీ ఉద్యోగి) ఒక మందు కనిపెట్టాడు. మాట కలవాలని వాళ్ల ఆఫీసులో అందరినీ గుట్టలెక్కిస్తారట. "ఆదివారం రాచకొండ పోదాం. కింది నుంచి మీది దాంక అందరు ఇంగ్లీషే మాట్లాడాలె. ఎవరి నోట్లకెళ్లి తెలుగు వస్తే వాళ్లే సద్ది సంచి మోయాలె" అని షరతు పెట్టాడు. సద్ది సంచి అంటే ఐదుగురికి సరిపడా జొన్నరొట్టెలు, పచ్చిపులుసు డబ్బా, నీళ్ల సీసాలు.

మొదటి పది అడుగుల్లోనే అమ్మ కాలికి రాయి తగిలి "అయ్యో" అంది. అది తెలుగేనని బావ తీర్పు చెప్పాడు. ("మరి ఇంగ్లీషుల ఎట్ల మొత్తుకోవాలె?" అని అమ్మ అడిగింది. అదీ తెలుగే అయింది.) సంచి అమ్మ భుజానికి ఎక్కింది. నేను మాత్రం నోరు మెదపలేదు. అసలు మాట్లాడనివాళ్లకు శిక్ష లేదన్న సంగతి బావకు తట్టలేదు పాపం. బాపు ఒక్కడే హాయిగా మాట్లాడుతూ ఎక్కుతున్నాడు. ఏడో తరగతితో చదువాపిన ఆయన దగ్గర ఉన్నవన్నీ దుకాణం మాటలే. నున్నటి బండ వస్తే "ట్రయల్, ట్రయల్" అంటూ కాలు మోపి చూసేవాడు. ఇరుకు సందు వస్తే "వెరీ టైట్" అనేవాడు. నాకు సిగ్గేసింది. ఎవరైనా వింటారేమోనని, చెప్పకేం, రెండడుగులు వెనకే నడిచాను.

విననే విన్నారు. అక్కా బావా ముందు వెళ్లిపోయాక, సగం గుట్ట మీద ముసలి దంపతులు ఎదురయ్యారు. తెలుగు తెలియనివాళ్లు, కిందికి దిగే దారి తప్పారు. జీన్స్ ప్యాంటు వేసుకున్నాను కదా, నేరుగా నన్నే అడిగారు. నేను వాక్యం కూర్చుకుంటున్నాను. వాళ్లు చూస్తున్నారు. బాపు ముందుకొచ్చి చెయ్యి చూపించాడు. "సర్, దిస్ సైడ్ లెంగ్త్ షార్ట్. బట్ లూజ్. దట్ సైడ్ ఫుల్ లెంగ్త్, ఫిట్టింగ్ గుడ్!" పెద్దాయన నవ్వేశాడు, కానీ దగ్గరి దారిలో రాళ్లు కదులుతాయని, చుట్టు దారే మంచిదని అర్థమైంది. ఇంతలో ఆ పెద్దావిడ తల పట్టుకుని బండ మీద కూలబడింది. ఆయన కంగారుగా ఏదేదో చెప్పసాగాడు. బాపు మాటలు అక్కడికి అయిపోయాయి.

బాపు నా వైపు తిరిగాడు. "మాట్లాడు బిడ్డా. తప్పు పోతే ఏమైతది? కుట్టు తప్పితే ఇప్పి మళ్ల కుడ్తలేమా?" అన్నాడు. అంటూనే అమ్మ భుజం మీది సంచి తీసి తన భుజానికి వేసుకున్నాడు. ఆయనకు మోకాళ్ల నొప్పి. చూడటానికి బావ లేడు, అడిగేవాళ్లు లేరు. అయినా షరతు షరతే.

నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆ సంచిలోంచి నీళ్ల సీసా తీసి "మేడమ్ సిట్. వాటర్ డ్రింక్. నో ఫియర్, వీ ఆల్ కమింగ్ డౌన్ విత్ యూ" అన్నాను. ఎన్ని తప్పులో లెక్కపెట్టే తీరిక లేదు. ఆవిడ తేరుకున్నాక చెయ్యి పట్టుకుని దింపుతూ గంటన్నర మాట్లాడాను. మా ఊరు, మా పత్తి చేను, పచ్చిపులుసు ఎలా చేస్తారో, అన్నీ. ఆవిడ ఒక్క మాట కూడా దిద్దలేదు.

సోమవారం ఇంటర్వ్యూలోనూ అలాగే ఆగకుండా మాట్లాడాను. ఇద్దరు నవ్వారు. ఉద్యోగం ఇచ్చింది కూడా వాళ్లే.

ఇప్పుడు అదే హోటల్లో కొత్తగా చేరినవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేనే నేర్పుతున్నాను. ఆ మధ్య ఫోన్లో బాపు హుషారుగా "హౌ ఆర్ యూ బిడ్డా? ఈటింగ్ గుడ్?" అన్నాడు. పెద్ద పంతులమ్మను కదా, అలవాటు కొద్దీ "అట్ల కాదు బాపూ" అని దిద్దాను. "గట్లనా?" అని నవ్వి తెలుగులోకి దిగాడు. ఆ తర్వాత ఆయన నాతో ఇంగ్లీషు మాట్లాడలేదు. ఎంత పొరపాటు చేశానో ఫోన్ పెట్టేశాక గానీ తెలియలేదు. అందుకే ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా నేనే కావాలని నాలుగు తప్పులతో ఇంగ్లీషు మొదలుపెడుతున్నాను. అటునుంచి మాత్రం "మంచిగున్న బిడ్డా, నువ్వు తిన్నవా?" అనే వస్తోంది.