పాతర మూత తీసిన మధ్యాన్నం

"తలుపు తీ అక్కా. నా కూతుర్ని నేను తీస్కపోతా."

"తాగినోనికి పిల్లను ఇయ్యను. నిషా దిగినాక రా, సంగటి పెడతా."

"అయితే నీ పాతర ఖాళీ చేస్తా, సూడు."

"చేస్కో పో."

నాకూ నా తమ్మునికీ నడుమ అవే ఆఖరి మాటలు. అట్లనే రాయి. మీ నాయన కదా అని మెత్తగా మార్చొద్దు.

కర్నూలు రాజధాని అయిన కొత్త అది. మొగుడు పోయినాక నేను ఆళ్ళగడ్డలో సేద్యం చేయించుకుంటా ఉంటి. తమ్మునికి నంద్యాలలో పత్తి జిన్ను మిల్లులో పని. మీయమ్మ కాన్పులో పోతే నిన్ను నా ఒళ్ళో పడేసినాడు. సారా మీద నిషేధం ఉండె. ఉంటే ఏముంది, నల్లమల కింద బట్టీలు కాగుతానే ఉండె. బస్సు దిగితే ముందు వాసన వచ్చేది, ఎనక మనిషి.

తాగనప్పుడు నీ తల దువ్వి జడేసేటోడు. తాగితే ఆ జడే పట్టి ఈడ్చేటోడు. ఒకసారి సారా కోసం నీ కాళ్ళ కడియాలు గుంజబోయినాడు. అడ్డం పోతే చెంబుతో నా నుదురు పగలగొట్టె. కంట్లోకి నెత్తురు కారతాంటే రోకలి తీసి వాని ముంజేతి మీద ఏసినా. ఎముక ఇరిగిన సప్పుడికి నువ్వు ఏడుపు ఆపినావు.

కట్టు కట్టించి, తెలివి మీద ఉన్నప్పుడే చెప్పినా, తాగకుండా వస్తే తమ్మునివి, తాగి వస్తే గడప తొక్కొద్దు, పిల్లను అడగొద్దు అని. ఏడ్చి తల ఊపినాడు. మల్లా తాగే వచ్చె. వచ్చినప్పుడల్లా గడియ పెట్టినా. తలుపు తన్నేటోడు, రాళ్ళు ఏసేటోడు, ముండా అని తిట్టేటోడు. తోడబుట్టినోన్ని వాకిట్లో నిలబెడతావా అని ఇరుగుపొరుగు నన్నే అనిరి. మీ ఇంట్లో పెట్టుకోండి అంటే ఒక్కరూ పెట్టుకోలే.

మన జొన్న పాతర వాకిటి ముందరే. మనిషి మునిగేంత గుంత. ఏడాది మూసిన పాతరలో గాలి విషం. మూత తీసి, పూటంతా ఆరనిచ్చి, దీపం దించి చూస్తారు. దీపం ఆరితే మనిషి దిగడు. వానికి తెలీదా? మా నాయన పాతరలోకి దీపం దించేది చిన్నప్పటి నుంచీ వాడే. ఆ మాటలు అనుకున్న పొద్దు మన్ను తోడి, బండ జరిపి, అట్లనే దిగినాడు.

తలుపు సందులో నుంచి చూస్తాండా. గింజల మీద నిలబడి తల కనపడతా ఉన్నోడు ఉన్నట్టే కూలి కనపడకుండా పోయె. గడియ తీసి ఉరికినా. నేనూ దిగబోతే ఇరుగుపొరుగు జుట్టు పట్టి ఎనక్కి ఈడ్చిరి. తాడుకు వేపమండలు కట్టి, లోపలి గాలి కదిలేటట్టు పైకీ కిందికీ ఆడించిరి. దీపం నిలిచినాక మోకు ఏసి గుంజిరి. మొకం నల్లగయింది. నోటి నిండా జొన్నలు.

తలుపు తీసింటే బతికేటోడని మా పిన్నమ్మ శవం ముందరే నన్ను చెప్పుతో కొట్టె. ఆ దెబ్బలు పడినా. నువ్వు నా కొంగు కింద ఉండావు.

నిన్న నువ్వూ అదే అడిగితివి, ఎందుకు తీయలేదత్తా అని. అందుకే ఇదంతా చెప్పినా. ఈ పొద్దు వాడు తాగి వచ్చి తట్టినా తీయను.

అక్షరాలు నాకు రావు, నీకు వచ్చు. మొదటి మాట కాడ నుంచి చదువమ్మే. మీ నాయన అడిగింది నీ నోట ఇనాల.